కట్ట లేని చెరువులు

సత్తెనపల్లి,
మే నెల.

చిరంజీవి హారికను తాతయ్య ఆశీర్వదించి రాయడమేమనగా,

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మమ్మ మోకాళ్ల నొప్పులు తప్ప చెప్పుకోదగ్గ జబ్బులేం లేవు. రోహిణి కార్తె ఇంకా రానే లేదు, పొద్దున పది దాటితే వీధిలో మనిషి కనపడటం లేదు. మిర్చి కోతలైపోయి కల్లాలు ఖాళీ అయ్యాయి. రేటు సంగతి మీ నాన్నకు చెప్పాను, ఆ గోల నీకెందుకులే.

మొన్న ఫోన్లో, వచ్చే నెల రూమ్మేట్లతో కలిసి రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు వెళ్తున్నానన్నావు. "మామయ్యతో మీరెళ్లింది అక్కడికేగా తాతయ్యా, ఆ చిన్న చిన్న చెరువుల్లో ఏముంటుంది?" అని అడిగావు. నేను జవాబు చెప్పేలోపు నీకు క్లాసు టైమైంది. అది ఫోన్లో తేలే సంగతి కూడా కాదు. అందుకని కాగితం తీశాను. దీన్ని ఫొటో తీసి నీకు పంపే పని పక్కింటి కుర్రాడికి అప్పజెప్పాను. నా రాత నీకు అర్థం కాకపోతే మీ అమ్మ చేత చదివించుకో.

నా సర్వీసంతా నాగార్జునసాగర్ కుడి కాలవ మీదే గడిచిందని నీకు తెలుసు. అందువల్ల నాకొక జబ్బు పట్టుకుంది. ఎక్కడ నీళ్లు కనపడ్డా ముందు కట్ట ఎక్కడుందో చూస్తాను, తర్వాత తూము, ఆ తర్వాత అలుగు. ఈ మూడూ దొరికితే ఆ చెరువు నాకు అర్థమైనట్టే. మీ మామయ్య మమ్మల్ని మొట్టమొదట బేర్ లేక్ దగ్గర దింపాడు. 9,400 అడుగుల పైమాటే దాని ఎత్తు. వాడు ఫొటోలు తీసుకుంటున్నాడు, మీ అమ్మమ్మ బల్ల మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటోంది, నేనేమో కట్ట వెతుక్కుంటూ చుట్టూ తిరిగాను. నడవడానికి చదునైన బాట ఉంది. చుట్టూ తిరిగొచ్చాను గానీ ఎక్కడా తాపీ పని లేదు, రివిట్‌మెంట్ లేదు, షట్టరు లేదు. ఒక పక్కన గుండ్రాళ్లూ మట్టీ కలిసిన గట్టు, దాని మీద బారులు తీరిన స్ప్రూస్ చెట్లు, అంతే. ఆ గట్టే కట్ట. దాన్ని పోసింది మనిషి కాదు.

ఎవరు పోశారంటే, మంచు. సుమారు 15,000 ఏళ్ల కిందటి దాకా ఆ లోయల నిండా మంచే. మనం ఫ్రిజ్‌లో చూసే మంచు లాంటిది కాదు. ఏళ్ల తరబడి కురిసిన మంచు మీద మంచు పడి, ఆ బరువుకు కిందిది గట్టి గడ్డయి, తన బరువుకు తానే వాలు వెంట మెల్లగా జారుతుంది. జారుతూ అడుగున రాళ్లను పట్టుకుపోతుంది. ఆ రాళ్లు కింది బండను గీస్తాయి, నూరుతాయి. లోయ మొదట్లో, నిట్రంగా ఉన్న కొండ పాదాన, దాని దెబ్బ గట్టిగా తగిలి బండ గిన్నెలాగా లోతుపడుతుంది. గిన్నె అంచున మాత్రం కొంచెం గట్టురాయి మిగులుతుంది. మంచు కరిగిపోయాక ఆ గిన్నెలో నీళ్లు నిలుస్తాయి. పైచెరువులకు ఆ రాతి అంచే కట్ట. ఇంకా కిందికొస్తే, మంచు మోసుకొచ్చి దింపేసిన రాళ్లూ మట్టీ కుప్పపడి గట్టు కడతాయి. బేర్ లేక్ ఆ రకం. మన కాలవ తవ్వినప్పుడు పక్కన పోసిన మట్టి ఇప్పటికీ గట్టులా ఉంటుందే, అట్లాగన్నమాట. తవ్వింది మంచు, పోసిందీ మంచే.

బేర్ లేక్ నుంచి పైకి నింఫ్, డ్రీమ్, ఎమరాల్డ్ అని మూడు చెరువులు వరసగా వస్తాయి. పోను మూడు కిలోమీటర్ల లోపే, కానీ ఆ ఎత్తులో ప్రతి అడుగూ బరువుగానే ఉంటుంది. మీ అమ్మమ్మ నింఫ్ లేక్ దాకా వచ్చి ఇక నా వల్ల కాదంది. మంచి చోటే ఆగింది. చిన్న మడుగంత చెరువు, సగం దాకా పసుపు కలువల ఆకులు పరుచుకుని ఉంటాయి. ఆ కలువల జాతి పేరే చెరువుకు పెట్టారట. పైన డ్రీమ్ లేక్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒడ్డున గాలికి వంగి, మెలితిరిగిన చెట్లుంటాయి, పెద్ద వయసు చెట్లు, మన నడుమెత్తు కూడా లేనివి కొన్ని. అందరూ అక్కడ ఆగి ఫొటోలు దిగుతారు. నువ్వు ఆగకుండా పైకి పో. దారి పక్కన నున్నటి బండ ఒకటి వస్తుంది. వంగి దాని మీద అరచెయ్యి పెట్టి చూడు. బాగా వాడిన సన్నికల్లు ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది, మధ్యమధ్య ఒకే దిక్కుకు సాగిన గీతలు వేలికి తగులుతాయి. ఆ గీతలు ఎటు సాగితే మంచు అటు నడిచింది. ఆ చెరువులన్నిటికన్నా నాకు నచ్చింది ఆ బండే. మీ మామయ్య దానికి ఒక్క ఫొటో కూడా తియ్యలేదు.

ఎమరాల్డ్ దగ్గర దారి అయిపోతుంది. ఎదురుగా హాలెట్ పీక్, ఫ్లాట్‌టాప్ కొండలు. నీళ్లలోకే దిగినట్టుండే రాళ్ల వాలు. ఆ లోయకు టిండాల్ అని పేరు. జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త మంచు ఎట్లా నడుస్తుందో తేల్చడానికి ఆల్ప్స్ కొండలెక్కినవాడు. గాలిలోని కొన్ని వాయువులు వేడిని పట్టి ఉంచుతాయని 1859లో ప్రయోగం చేసి చూపించింది కూడా ఆయనే. ఆ లోయ పైకొసన ఇంకా కొంచెం మంచు మిగిలి ఉంది, దానికీ ఆయన పేరే.

అలుగు దొరికింది కూడా అక్కడే. చెరువు దిగువ కొసన రాళ్ల సందుల్లోంచి నీళ్లు బయటపడి చిన్న వాగై డ్రీమ్ లేక్‌లోకి దూకుతాయి. అక్కణ్ణుంచి గ్లేసియర్ క్రీక్, అది బిగ్ థాంప్సన్ నదిలోకి, అది సౌత్ ప్లాట్‌లోకి, ప్లాట్ వెళ్లి మిస్సోరీలో, మిస్సోరీ మిసిసిపీలో. ఆఖరికి గల్ఫ్ ఆఫ్ మెక్సికో. ఆ అలుగు దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. ఇంకెందుకు, ఆయన కాలవ దగ్గర నిలబడితే కదలడని మీ అమ్మమ్మ మీ మామయ్యతో చెప్పే ఉంటుంది.

అన్నట్టు, ఎస్టెస్ పార్కులో బస చేస్తే అన్నం సంగతి జాగ్రత్త. ఆ ఊరు 7,500 అడుగుల ఎత్తున ఉంది. మేము దిగిన క్యాబిన్‌లో కుక్కర్ లేదు. మీ అమ్మమ్మ గిన్నెలో ఎసరు పెట్టి బియ్యం పోసింది. ఎసరు తెర్లుతూనే ఉంది, మెతుకు మాత్రం పలుకు విడవదు. బియ్యాన్ని తిట్టింది, స్టవ్వును తిట్టింది, చివరికి నన్నూ తిట్టింది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా వేడి అంతకు మించి ఎక్కదు. కుక్కర్ పట్టుకెళ్లు, లేదా ఇంట్లోనే వండుకుని డబ్బాల్లో పట్టుకెళ్లండి.

నీకు కొండవీడు గుర్తుందా? నాలుగో క్లాసులో ఉన్నప్పుడు మెట్ల దారిన ఎక్కించాను, దారంతా సీతాఫలాలు కొనిపెట్టమని ఏడ్చావు. ఘాట్ రోడ్డు పడిన తర్వాత నువ్వు వెళ్లలేదు. ఆ కొండ మీద మూడు చెరువులున్నాయి. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. అద్దంకి నుంచి రాజధానిని అనవోతారెడ్డి కొండవీటికి మార్చాక, ఆ కొండ మీద సైన్యం ఉండాలి, గుర్రాలుండాలి, ముట్టడి పడితే నెలల తరబడి కోట తట్టుకోవాలి. కొండ మీద వాగు లేదు, నది లేదు. ఉన్నదల్లా వాన. ఆ వాన చుక్క కిందికి జారిపోకుండా పట్టుకోవడానికి వాలు చూసి, ఇరుకు చూసి, రెండు బండల మధ్య రాతికట్టలు వేశారు. ఒకటి నిండితే దాని అలుగు నీళ్లు ఇంకోదానికి చేరే ఏర్పాటు. రెడ్లు 1424 దాకా ఉన్నారు, 1515లో కృష్ణదేవరాయలు కోటను పట్టుకున్నాడు, తర్వాత ఎవరెవరో వచ్చారు, పోయారు. చెరువుల్లో ఇప్పటికీ నీళ్లు నిలుస్తున్నాయి.

బేర్ లేక్ పక్కన తిరుగుతున్నప్పుడు నా బుర్రలో మెదిలింది కొండవీడే. అక్కడ మంచు చేసిన పని ఇక్కడ ఉప్పరివాళ్లు, వడ్డెరలు చేశారు. వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ ఉండవు, రాజు పేరే ఉంటుంది. కాలవ ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి నాకు ఆ మాట ఎక్కడ పడితే అక్కడ అనాలనిపిస్తుంది. కొండవీటి చెరువుల్లో ఇప్పుడు వాటర్ బాటిళ్లూ చిప్స్ కవర్లూ తేలుతున్నాయన్నది వేరే సంగతి. దాని గురించి రాయడం మొదలుపెడితే ఇంకో ఉత్తరమవుతుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నదానికి వస్తాను. మీరు కొండ దిగి వచ్చేటప్పుడు హార్స్‌షూ పార్క్ అనే మైదానం పక్కగా రండి. అక్కడ అల్యూవియల్ ఫ్యాన్ అని బోర్డు ఉంటుంది. జనం నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు, పిల్లలు రాళ్ల మీద గెంతుతుంటారు. విహారస్థలం లాగానే ఉంటుంది. మీ మామయ్య కూడా "కాసేపు కూర్చుందాం నాన్నా" అని తీసుకెళ్లాడు. నేను బోర్డు చదివి, ఆ రాళ్ల వంక చూసి, ఇక కూర్చోలేకపోయాను.

అక్కడికి పైన, దాదాపు 11,000 అడుగుల ఎత్తులో, లాన్ లేక్ అని ఒక చెరువుంది. అదీ మంచు తవ్విన చెరువే. కింద మైదానంలో లవ్‌ల్యాండ్ చుట్టుపక్కల రైతులకు వేసవిలో నీళ్లు చాలేవి కావు. వాళ్లంతా కలిసి కంపెనీ పెట్టుకుని 1903లో ఆ చెరువుకు మట్టికట్ట వేసి, మట్టం పెంచి, తూము పెట్టారు. అప్పటికి పార్కే లేదు, అది వచ్చింది 1915లో. తర్వాత కట్టను ఇంకా పెంచారు. చివరికి 26 అడుగుల ఎత్తు. మన మాగాణి చెరువు కట్టలకు అదేమంత ఎత్తు కాదు. కానీ అక్కడికి రోడ్డు లేదు. పది కిలోమీటర్లు కొండ దారిన నడవాలి. ఏడాదికి ఎన్నిసార్లు ఎవరు వెళ్లి చూస్తారు? మన చెరువు కట్ట మీద రోజూ ఎవరో ఒకరు నడుస్తారు. గేదెలు తోలుకెళ్లేవాడో, పొలానికి పోయే ఆవిడో. కట్ట అడుగున చెమ్మ కనపడితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మా లష్కర్లకు జీతమిచ్చేది కూడా అందుకే, నడిచి చూడటానికి.

1982 జూలై 15న తెల్లవారుజామున అయిదున్నర ప్రాంతంలో ఆ కట్ట తెగింది. తూము పైపుకూ షట్టరు వాల్వుకూ మధ్య అతుకులో సీసం పోసి ఉంది. ఏళ్లు గడిచేసరికి ఆ సీసం పాడైంది. అతుకులోంచి నీళ్లు చిమ్మి చుట్టూ ఉన్న మట్టిని కొంచెం కొంచెం కడుక్కుపోయాయి. కట్ట లోపల బుంగ పడింది. బుంగ పడ్డ కట్ట పైకి బాగానే కనపడుతుంది తల్లీ, అదే దానితో వచ్చిన చిక్కు. బుంగ గండి కావడానికి ఎంతోసేపు పట్టదు.

ఆ చెరువులోంచి వచ్చిన నీళ్లెన్నో తెలుసా? 674 ఎకరాల్లో అడుగు లోతున పరిచినంత. మన లెక్కలో ఒక టీఎంసీలో ముప్ఫయ్యో వంతు కూడా కాదు. సాగర్‌లో 300 టీఎంసీలకు పైగా నిలుస్తాయి, ఆ లెక్కన ఇది చెంబెడు నీళ్లు. కానీ గండిలోంచి ఆ నీళ్లు 18,000 క్యూసెక్కుల వేగంతో బయటపడ్డాయని తర్వాత అంచనా కట్టారు. మన కుడి కాలవ హెడ్ రెగ్యులేటర్ దగ్గర నిండుగా పారితే 11,000 క్యూసెక్కులు. అంటే నేను జన్మంతా భయపడుతూ, లాకులు చూసుకుంటూ బతికిన ఆ మహా కాలవకు ఒకటిన్నర రెట్ల కన్నా ఎక్కువ, ఒక్కసారిగా, ఇరుకు లోయలో, నిట్రమైన వాలు మీద. ఆ లోయలో పారేది రోరింగ్ రివర్ అనే చిన్న వాగు. వరద దాని గట్లను చీల్చుకుని, చెట్లను వేళ్లతో సహా లేపుకుని, హార్స్‌షూ పార్క్ మైదానంలోకి వచ్చేసరికి వాలు తగ్గి, మోసుకొచ్చినదంతా అక్కడ కుమ్మరించింది. 42 ఎకరాల మేర రాళ్లు, కొన్నిచోట్ల 44 అడుగుల మందం. అందులో ఒక రాయి బరువు 450 టన్నులని అంచనా కట్టారు. నీళ్లు దాన్ని దొర్లించాయి. నువ్వు కూర్చుని కాళ్లూపుకునే చోటు అదే.

ఆ పొద్దున లోయ కింద చెత్త డబ్బాలు ఎత్తడానికి వచ్చిన ఒకాయనకు పైనుంచి పెద్ద మోత వినపడింది. దారి పక్కనున్న అత్యవసర ఫోన్ తీసి పార్కువాళ్లకు చెప్పాడు. ఆ ఫోన్ వల్ల క్యాంపుల్లో పడుకున్న ఎంతోమందిని లేపి బయటికి పంపగలిగారు. అయినా ముగ్గురు పోయారు. ఒకాయన పైనే, వాగు ఒడ్డున గుడారం వేసుకుని నిద్రలో ఉన్నాడు. ఇద్దరు కింద ఆస్పెన్‌గ్లెన్ క్యాంపు దగ్గర. మధ్యలో క్యాస్కేడ్ అని ఒక చిన్న కాంక్రీటు ఆనకట్ట ఉండేది. వరద వచ్చి దాని వెనక నిలిచి, దాన్నీ కూల్చి, మళ్లీ కొత్త ఊపుతో కిందికి పోయింది. ఎస్టెస్ పార్కు బజారులో బురద, రాళ్లు. నష్టం 3 కోట్ల 10 లక్షల డాలర్లు. చివరికి ఊరికి అవతల ఒలింపస్ డ్యామ్ వెనకున్న లేక్ ఎస్టెస్ ఆ వరదను మింగి ఆపింది. ఒక కట్ట ముంచింది, ఇంకో కట్ట కాచింది. మా శాఖలో చేరే ప్రతి కుర్రవాడికీ ఈ కథ మొదటి రోజే చెప్పాలి.

తర్వాత పార్కువాళ్లు పైన మరికొన్ని చెరువుల మీదున్న పాతకట్టలను తీయించేశారు. లాన్ లేక్ కూడా పోలేదు. మనుషులు పెంచిన మట్టం పోయింది గానీ మంచు తవ్విన గిన్నె ఉంది కదా, అంత మేరకు నీళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మీకు ఓపికుంటే ఎక్కి చూడొచ్చు, అందరూ ఎక్కేది కాదు. నేను ఎక్కలేదు, ఎక్కలేను కూడా.

లవ్‌ల్యాండ్ రైతులు అట్లా చెయ్యడం తప్పని మాత్రం నేననను. వాళ్లకు ఆయకట్టు ఎండుతోంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నందికొండ దగ్గర శంకుస్థాపన చేసి, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలవలకు నీళ్లు వదిలేదాకా మన పొలాల మాట ఏమిటో మీ ముత్తాత చెప్పేవాడు. జొన్న, సజ్జ, వానపడితే పత్తి. మెట్ట రైతు ఎక్కడున్నా పైనున్న నీళ్ల వంకే చూస్తాడు. అక్కడివాళ్లు ఇంకా పెద్ద పని కూడా చేశారు. నువ్వు నడవబోయే ఆ పార్కు కొండల అడుగున ఒక సొరంగం ఉంది, ఆడమ్స్ టన్నెల్ అంటారు. 21 కిలోమీటర్లు. కొండలకు పడమటి పక్కన పారే కొలరాడో నది నీళ్లను తూర్పు మైదానానికి తెస్తుంది. 1947లో మొదటిసారి నీళ్లు వదిలారు. మనవాళ్లు ప్రకాశం జిల్లాకు శ్రీశైలం నీళ్లు తేవడానికి నల్లమల కింద వెలిగొండ సొరంగాలు తవ్వారు, అవి పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు. మంచి పోలికే గానీ, వాళ్లు ఎన్నేళ్లలో తవ్వారు, మనం ఎన్నేళ్లు తవ్వామన్న మాట అడగొద్దు.

ఇక తాతయ్య చాదస్తం భాగం. ఇది దాటవేయకుండా చదువు.

ఏ చెరువులోనూ దిగొద్దు. నీకు ఈత వచ్చని తెలుసు. నేను జీలుగు బెండ్లు నడుముకు కట్టుకుని దిగుడుబావిలో ఈత నేర్చుకున్నవాణ్ణి. ఈత వచ్చినవాళ్లను కాలవలోంచి బయటికి తీసిన రోజులు నా సర్వీసులో ఉన్నాయి, వాళ్ల తల్లుల మొహాలు ఇంకా గుర్తే. అక్కడిది వేరే ప్రమాదం. ఆ నీళ్లు మొన్నటిదాకా మంచు. అంత చల్లటి నీళ్లలో మునగ్గానే మనిషి ప్రమేయం లేకుండా ఒక్కసారి గట్టిగా ఊపిరి పీలుస్తాడు. ఆ క్షణాన తల నీళ్లలో ఉంటే నీళ్లే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ మొదటి నిమిషం గడిచినా పది నిమిషాల్లో చేతులు, కాళ్లు మాట వినడం మానేస్తాయి. ఈత వచ్చినవాడైనా చెయ్యి ఆడించలేకపోతే ఏం చేస్తాడు? ఒడ్డు పది గజాల్లోనే ఉంటుంది. ఏడాదికి రెండుమూడుసార్లు పేపర్లో వస్తోంది, అమెరికాలో చెరువులోనో జలపాతం దగ్గరో మన పిల్లలు మునిగిపోయారని. ఆ వార్త చదివిన రోజు మీ అమ్మమ్మ నీకు ఫోన్ చేసి ఏదో వంక పెట్టి మాట్లాడుతుంది, నువ్వు గమనించావో లేదో.

చలికాలంలో మళ్లీ వెళ్తే మంచుగడ్డ మీద నడవొద్దు. డ్రీమ్ లేక్ గడ్డకట్టాక జనం దాని మీద నడుస్తారట, నడవనీ. 2022 డిసెంబరు 26న అరిజోనాలో వుడ్స్ కాన్యన్ లేక్ దగ్గర మన తెలుగువాళ్లు ముగ్గురు గడ్డ విరిగి కిందికి పోయారు. వాళ్లలో మన గుంటూరు జిల్లా దంపతులున్నారు, ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు. అదీ అడవి మధ్య చిన్న చెరువే. ఆ వారమంతా ఇక్కడ ఎవరింటికి వెళ్లినా అదే మాట. గడ్డ మందం పైనుంచి చూస్తే తెలియదు. నీళ్లు లోపలికొచ్చే చోటా బయటికి పోయే చోటా అది పల్చగా ఉంటుంది. అలుగు ఎక్కడుందో కనుక్కోమని నేను నీ వెంటపడటంలో ఇది కూడా ఒక కారణం.

మధ్యాహ్నానికల్లా కిందికి దిగండి. ఎండ కాస్తూ కాస్తూ ఉండగానే రెండు గంటలకు మబ్బు పట్టి పిడుగులు పడతాయి. 2014 జూలైలో ఆ పార్కులోనే వరసగా రెండు రోజుల్లో ఇద్దరు పిడుగు పడి చనిపోయారు. జూన్ మొదట్లో పైదారి మీద ఇంకా మంచు ఉంటుంది, బూట్లకు తగిలించుకునే ఇనప ముళ్లు అద్దెకిస్తారు, తీసుకోండి. నీళ్లు దాహం వెయ్యకముందే తాగుతుండు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే పంతానికి పోకుండా దిగడమే మందు. బేర్ లేక్ రోడ్డుకు వేసవిలో టైముతో సహా పర్మిట్టు ముందే బుక్ చేసుకోవాలని మామయ్య చెప్పమన్నాడు, లేకపోతే గేటు దగ్గరే తిప్పి పంపేస్తారట. ఉడుతలు చేతి దాకా వస్తాయి, వాటికి మురుకులు పెట్టొద్దు. మీ అమ్మమ్మ పెట్టబోయి ఒక తెల్లావిడ చేత చివాట్లు తింది.

ఒక పని మాత్రం నా కోసం చెయ్యాలి. ఎమరాల్డ్ అలుగు దగ్గర వాగు సాఫీగా పారే చోటు ఒకటి చూసుకో. కాలు తడవనక్కర్లేదు, గట్టు మీంచే చెయ్యొచ్చు. పదడుగుల దూరం కొలిచి రెండు రాళ్లు గుర్తు పెట్టు. పై రాయి దగ్గర ఒక ఎండుపుల్ల వేసి, కింది రాయి దాటేదాకా ఫోన్లో సెకన్లు చూడు. నాలుగైదుసార్లు చేసి సగటు తియ్యి. వాగు వెడల్పెంతో చూడు, చేతికర్రతో అక్కడక్కడ లోతు చూసి దానికీ సగటు తియ్యి. వెడల్పు, లోతు, వేగం మూడూ గుణించు. పైన తేలే పుల్ల అడుగునీళ్ల కన్నా వేగంగా పోతుంది కాబట్టి వచ్చినదాన్ని 0.85తో గుణించు. ఉదాహరణకు వెడల్పు ఆరడుగులు, లోతు ముప్పావు అడుగు, పుల్ల సెకనుకు రెండడుగులు పోయిందనుకో, ఏడున్నర క్యూసెక్కుల పైచిలుకు. మీటరు లేని చోట మేమంతా ఇట్లాగే కొలిచేవాళ్లం. మీ రూమ్మేట్లు నవ్వుతారు, నవ్వనీ. పొద్దున్నే ఒకసారి, దిగొచ్చేముందు ఇంకోసారి కొలిస్తే ఎండకు మంచు ఎంత కరిగిందో కూడా తెలుస్తుంది. రెండు లెక్కలూ, టైముతో సహా రాసి పంపు. అంచనాగా వద్దు, కొలిచిందే కావాలి.

గోంగూర, పండుమిరప పచ్చళ్లు సిద్ధంగా ఉన్నాయి. ఎవరైనా డెన్వర్ వచ్చేవాళ్లుంటే చెప్పు, సీసాలు కారకుండా నేనే ప్యాక్ చేస్తాను. మీ అమ్మకు, నాన్నకు మా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
తాతయ్య